మత్తయి నోరు విప్పే దాకా

1999 ఏప్రిల్ 12, బందరు

ఇవాళ్టి నుంచి రాస్తున్నాను. ఎవరూ చదవడానికి కాదు. కమిటీ మీటింగుల్లో అనలేనివి ఎక్కడో ఒకచోట పెట్టకపోతే ఏదో ఒకటి పగలగొట్టేలా ఉన్నాను. పొద్దున మంచినీళ్ళ కుండ పగిలింది. నేను కొట్టలేదు, చెయ్యి తగిలింది.

నిన్న దీవిలోకి వెళ్ళొచ్చాం. నాగాయలంక దాటాక ఇంకా లోపలికి, చినలంకపాలెం. భుజంగరావు గారి రొయ్యల చెరువు మీద కాపలా ఉండే దయానందాన్ని, చెరువులో పంట పట్టే ముందు రోజు రొయ్యలు దొంగిలించాడని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. విడిపించుకొద్దామని వెంట వెళ్ళిన అన్న మత్తయిని కూడా లోపల వేశారు. తెల్లారేసరికి దయానందం లేడు. లుంగీతో ఉరేసుకున్నాడంటున్నారు పోలీసులు. అదే గదిలో ఉండి, తర్వాత వదిలిపెడితే ఇంటికొచ్చిన మత్తయి ఒక్కడే సాక్షి. వచ్చే నెల ఆర్డీవో విచారణ. మత్తయి చెబితే హత్య, చెప్పకపోతే ఉరి. అంతే తేడా.

మత్తయి చెప్పింది ఇదీ: "నిద్రపోయానండి."

ఎన్ని రకాలుగా అడిగినా అదే మాట. పక్కన తమ్ముడు చస్తుంటే నిద్రపోయేవాడెవడు? ఎవరో కొన్నారు. లేదా బెదిరించారు. లేదా రెండూ.

సాయంత్రం దక్షిణామూర్తి గారింట్లో కూర్చున్నాం. మా హక్కుల కమిటీకి ఆయనే అధ్యక్షులు, బందరు కోర్టులో ప్లీడరు. విజయవాడ నుంచి ఒక సైకాలజిస్టును పిలిపిస్తున్నారట.

"మత్తయి పిచ్చివాడని రాయించడానికా?" అన్నాను.

"నీకు టీ కావాలా, గొడవ కావాలా? రెండూ ఒకేసారి ఇప్పించలేనురా శశిధర్" అన్నారు.

టీ తాగలేదు. ఇంజనీరింగ్ మూడో ఏట వదిలేసి ఈ పనిలోకి వచ్చింది టీ తాగుతూ కబుర్లు చెప్పుకోడానికి కాదు. భయాన్ని వాళ్ళు మనసులో పెట్టలేదు, ఒంటి మీద లాఠీతో పెట్టారు. దానికి మందు పోరాటం. పోయినేడు మేం పంచిన కరపత్రంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. ఆ పేరా నేను రాసిందే.

ఏప్రిల్ 15

వచ్చింది. పేరు ప్రణతి. ముప్ఫై దాటి ఉంటాయి. నేత చీర, భుజానికి గుడ్డసంచి. పాలెం వెళ్ళే దారిలో ఆ సంచిలోకి తొంగిచూశాను. కాగితం లేదు, కలం లేదు, టేపురికార్డరు లేదు. నీళ్ళసీసా, వక్కపొడి డబ్బా.

మత్తయి ఇంటి ముందు కూర్చుని పాత వల అతుకుతున్నాడు. ఆవిడ వెళ్ళి నేల మీద కూర్చుంది. గంటసేపు కోళ్ళ సంగతి. ఏ పెట్ట పొదిగింది, ఎన్ని నిలిచాయి, గద్ద ఎటు నుంచి వస్తుంది. తర్వాత నిద్ర. ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, తలుపు వైపా గోడ వైపా. దయానందం పేరు కూడా ఎత్తలేదు.

"ఏమీ రాసుకోరా?" అని అడిగేశాను.

"రాస్తుంటే ఆయన నా చేతినే చూస్తారండి. స్టేషన్లో కూడా ఎవరో రాస్తూ కూర్చునే ఉంటారు కదా."

రాసుకోని మనిషి రెండు రకాలు. పని లేనివాళ్ళు ఒకరు, గుర్తుపెట్టుకుని ఇంకెక్కడో చెప్పేవాళ్ళు ఇంకొకరు.

కాసేపటికి, "శశిధర్ గారూ, ఏమీ అనుకోకపోతే మీరు అవతల కూర్చుంటారా? అంత ఎత్తున నించుంటే ఆయనకి కాస్త ఇబ్బందిగా ఉంది" అంది.

ఊరూపేరూ తెలియని మనిషి, ఈ కేసు మొదట వెలికితీసిన నన్ను బయటికి పొమ్మంటోంది! చెరువుగట్టు మీదికి పోయి నిలబడ్డాను. దక్షిణామూర్తి గారి మొహం చూసి ఊరుకున్నాను.

ఏప్రిల్ 16

ఆవిడ జీతం ఎవరిస్తారు? అడగాలి.

ఏప్రిల్ 20, చల్లపల్లి

అక్క వాళ్ళింట్లో దిగాను. కళ్యాణ్ బావ నన్ను చూడగానే, "వచ్చావా విప్లవం? కూర అయిపోయింది, పచ్చడితో తిరుగుబాటు చెయ్" అన్నాడు. అక్క నవ్వి గుడ్డు వేసింది.

మా ఇంట్లో నా పని అర్థమయ్యే మనిషి బావ ఒక్కడే. కాలేజీలో జెండా పట్టుకుని తిరిగినవాడు. ఇప్పుడు రొయ్యల మేత దుకాణం. భుజంగరావు గారు అక్కడే కొంటారు, నిజమే. దీవిలో సగంమంది అక్కడే కొంటారు. మేత అమ్మడం పక్షం వహించడం కాదు.

"బస్సులో ఏం వేలాడతావురా, కావాల్సినప్పుడల్లా నా బండి తీసుకెళ్ళు" అని ఎర్ర హీరోహోండా రెండో జత తాళాలు చేతిలో పెట్టాడు.

భోజనాలయ్యాక చాలాసేపు మాట్లాడుకున్నాం. అంతా చెప్పాను. మత్తయి నిద్ర, ఆవిడ కోళ్ళు.

"ఆవిడ నమ్మదగ్గ మనిషేనంటావా?" అని బావే అడిగాడు. నేనేమీ అనకముందే! బయటివాళ్ళకి కూడా అనుమానం వస్తోందంటే ఏదో ఉన్నట్టే.

"మళ్ళీ ఎప్పుడెళ్తున్నారు పాలెం?"

"గురువారం."

ఏప్రిల్ 22, గురువారం

అనుకున్నంతా అయింది.

మేం వెళ్ళేసరికి మత్తయి ఇంటి తలుపు వేసి ఉంది. భార్య ఇందిర బయటికొచ్చి, నిన్న సాయంత్రం కొండయ్య అనే కానిస్టేబులు వచ్చి వెళ్ళాడంది. ఏమీ అనలేదట. గుమ్మం ముందు కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడట. కాలవలు కట్టేసి, టాంకరు కోసం ఊరంతా బిందెలతో కాచుకుంటున్న రోజుల్లో, చెంబెడు అడిగి సగం పారబోశాడట. "రేపు చుట్టాలొస్తున్నారంటగా" అని లేచి వెళ్ళాడట.

మత్తయి లోపలి నుంచి రాలేదు. ప్రణతి గారు తలుపు దగ్గర అరుగు మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఎండ వాలేదాకా ఉంది. అదొక నటన.

మేం గురువారం వస్తామని ఎవరికి తెలుసు? దక్షిణామూర్తి గారికి, నాకు, ఆవిడకి. ఇంకెవరికీ తెలియదు.

ఏప్రిల్ 24, బందరు

కోనేరు సెంటర్లో ఆవిడ ఎస్‌టీడీ బూత్‌లోకి వెళ్ళడం చూశాను. పక్క బడ్డీలో సోడా తాగుతూ నిలబడ్డాను. అద్దం తలుపు సరిగా మూసుకోదు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు.

"...ఇప్పుడే వద్దండి. ఆయన సిద్ధంగా లేరు. విచారణ వాయిదా వేయించగలిగితే ఇంకో నెల..."

వాయిదా! ఎవరికి కావాలి వాయిదా? శవపరీక్ష చేసిన డాక్టరుకు బదిలీ అయ్యేదాకా, పాలెం జనం అలిసిపోయేదాకా, ఎవరికి కావాలి?

పరుగున దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ ఫోను నాకే చేసిందిరా. కోర్టులో బార్ రూముకి. నువ్వు సోడా తాగుతున్నావని కూడా చెప్పింది. ఎండలో నించున్నాడు, లోపలికి రమ్మంటే బావుండదేమో అని అడిగింది."

సిగ్గేసింది. కానీ దారిలో ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. అంటే వాయిదా దక్షిణామూర్తి గారికి కూడా కావాలన్నమాట. ముప్ఫై ఏళ్ళుగా అదే కోర్టులో, అదే పోలీసుల మధ్య తిరిగే మనిషి.

ఏప్రిల్ 29

విచారణ మే 14న, అవనిగడ్డ గెస్ట్‌హౌస్‌లో. వాయిదా అడగడానికి వీల్లేదని నేను పట్టుబట్టి కూర్చున్నాను.

ప్రణతి గారు నెమ్మదిగానే అంది: "పద్నాలుగుకే రావాలంటే రావచ్చు. కానీ ఎలా అడుగుతారన్నది ముందు మాట్లాడుకుందాం. మత్తయి గారు కింద కూర్చునే చెప్పాలి. భార్య పక్కన ఉండాలి. మొదలెక్కడ పెట్టాలో ఆయన ఇష్టం. మనం ఆయన్ని పేరు, తండ్రి పేరు, ఎన్నింటికి, ఎవరు, అని వరసగా అడిగితే, అడిగేది మనమని ఆయన ఒంటికి తెలీదండి. వాళ్ళూ అలాగే అడిగారు."

"మమ్మల్ని పోలీసులతో పోలుస్తున్నారా?"

"మిమ్మల్ని కాదండి. అడిగే పద్ధతిని."

"మీ జీతం ఎవరిస్తారు?" అన్నాను. అందరి ముందూ.

చెప్పింది. విజయవాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగం, ఇది సెలవు పెట్టుకుని చేస్తున్న పని. రోజుకి ఇంత అని జీతం కోత కూడా పడుతుందట. అంత తడుముకోకుండా చెప్పిందంటే ఎన్నిసార్లు చెప్పి ఉండాలి?

మే 3, చల్లపల్లి

సాధించాను!

ఎవరికీ చెప్పకుండా బావ బండి మీద పొద్దున్నే పాలెం వెళ్ళాను. మత్తయి బయటే ఉన్నాడు. పక్కింట్లో అడిగి కుర్చీ తెప్పించుకున్నాను. కోర్టు అలవాటు చెయ్యాలి కదా. సాక్షిని ముందు మనమే గట్టిగా అడిగి రాటుదేల్చకపోతే, ఎస్సై తరఫు ప్లీడరు చీల్చేస్తాడు. కరపత్రాల్లో రాయం కానీ, ఇది కమిటీలో అందరూ చేసే పనే.

"మత్తయీ, ఇప్పుడు నేను నీ మనిషిని కాదు. అవతలి ప్లీడర్ని. లే, నించో. పేరు?"

లేచాడు.

"తండ్రి పేరు? ఆ రోజు ఎన్నింటికి స్టేషన్‌కి వెళ్ళావు? అబద్ధం! తాగి వెళ్ళావు. గట్టిగా చెప్పు. నా వైపు చూసి చెప్పు."

మొదట నిద్రపోయానండి అన్నాడు. బల్ల లేదు కాబట్టి కుర్చీ చేతి మీద గుద్దాను. "నిద్రపోలేదు నువ్వు!" అన్నాను. అంతే. కట్ట తెగినట్టు వచ్చింది. చేతులు కట్టుకుని, నేల చూస్తూ, ఆగకుండా, ఒకే గొంతుతో చెప్పుకుపోయాడు. ఇద్దరు కొట్టారు. ఒకరు కాళ్ళ మీద నిలబడ్డారు. దయానందం నీళ్ళడిగాడు. కాసేపటికి అడగడం మానేశాడు. లుంగీ తర్వాత కట్టారు. మత్తయి చేతులు కిటికీ ఊచలకి కట్టేసి ఉన్నాయి.

మధ్యలో దారి తప్పాడు. "పెద్ద ఉప్పెనప్పుడు ఆడు చంకలో పిల్లోడండి. అమ్మ కొట్టుకుపోయింది. తుమ్మచెట్టు మీద రాత్రంతా నేనే పట్టుకునున్నానండి. అప్పుడు నాకు పదేళ్ళండి. చేతులు తిమ్మిరెక్కినా వదల్లేదండి. ఇక్కడేమో..." అన్నాడు. విచారణకి సంబంధం లేని విషయం. ఉప్పెన సంగతి వదిలెయ్యమన్నాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పించాను. రెండోసారి ఉప్పెన లేకుండా చెప్పాడు. చాలా బావుంది.

అంతా అయ్యాక, తన ఇంటి ముందే నిలబడి, "ఇంక ఎల్లమంటారా దొరా?" అని అడిగాడు. నవ్వొచ్చింది. "నీ ఇల్లే కదయ్యా" అన్నాను. అయినా నేను వెళ్ళమనే దాకా కదల్లేదు. ఇందిర వచ్చి నేనింకా లేవకముందే కుర్చీ వెనక పట్టుకుంది. లేస్తే తీసుకుపోయి పక్కింట్లో పడేసింది. ఆవిడకి కేసు అర్థం కాదు, పాపం.

మూడు వారాల సైకాలజీ చెయ్యలేని పని ఒక్క పూటలో చేశాను.

తిరిగొచ్చేసరికి బావ దుకాణంలో ఉన్నాడు. "మత్తయి మొత్తం చెప్పేశాడు బావా! పద్నాలుగున ఇలాగే చెప్తే ఎస్సై జైలుకే!" అన్నాను. బావ లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఏమేం చెప్పాడో ఒక్కొక్కటీ అడిగి విన్నాడు. ఈ దేశంలో అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఎంతమంది?

మే 4

మత్తయి గొంతు చెవిలో తిరుగుతోంది. సంతోషం వల్లే.

మే 8, బందరు

మత్తయి కనబడటం లేదు.

నిన్న సాయంత్రం నుంచి. కబురు రాగానే నేనూ ప్రణతి గారూ పరుగెత్తాం. పాలెం అంతా చర్చి ముందు చేరి ఉంది. పోలీసులే ఎత్తుకెళ్ళారని నేను తేల్చేశాను. మత్తయి నోరు విప్పాడని వాళ్ళకి ఎలా తెలిసింది? చేరవేసిన మనిషి ఇక్కడే నిలబడి ఉంది! ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ ప్రణతి గారి వైపు వేలు చూపించాను.

"గురువారం సంగతి చెప్పిందీ ఈవిడే. ఇప్పుడు ఈ సంగతి చెప్పిందీ ఈవిడే. ఈవిణ్ణి ఇంక గడప తొక్కనివ్వకండి!"

పాలెం పెద్ద భూషణం నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. "చదువుకున్నోళ్ళు మీరే ఒకర్నొకరు నమ్మకపోతే మేమేం జేస్తామండి. అమ్మా, నువ్వు ఎల్లిపోమ్మా" అన్నాడు. నా మాటే విన్నారు. ఎందుకు వినరు?

ప్రణతి గారు సంచి భుజానికి తగిలించుకుంది. ఇందిరతో, "ఆయన ఎప్పుడొచ్చినా మొదట అన్నం పెట్టమ్మా, ఏమీ అడగొద్దు" అని బస్సు దారి పట్టింది.

ఆవిడ వెళ్ళాక ఇందిర నన్ను కంప కంచె వెనక్కి పిలిచింది. గొంతు తగ్గించలేదు.

"బాబూ, ఆయన్ని ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. బండి చప్పుడు ఇని మడఅడవిలోకి పారిపోయాడు. మొన్న ఆ బండి మీద ఒకాయన వచ్చాడు. మెత్తగానే మాటాడాడు. నువ్వంతా చెప్పేశావంటగా మత్తయీ, నీళ్ళడిగిన సంగతి కూడా చెప్పావంటగా, పద్నాలుగున బస్సెక్కే ముందు పెళ్ళాం పిల్లల్ని ఒకసారి చూసుకో, అన్నాడు. నీళ్ళ సంగతి నీకు తప్ప ఎవరికి చెప్పాడు బాబూ నా మొగుడు? నాకే చెప్పలా!"

"ఎవరా మనిషి?"

"నువ్వు కుర్చీ ఏసుకుని కూచున్న రోజు ఏ బండి మీదొచ్చావో ఆ బండే."

మే 9

ఎర్ర హీరోహోండాలు దీవిలో ఎన్ని లేవు? ఇందిరకి నంబరు చదవడం కూడా రాదు.

మే 9, మళ్ళీ

ప్రణతి గారు నేర్పించి చెప్పించి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, అంతే.

మే 11, చల్లపల్లి

బావనే అడిగేశాను. దుకాణంలో మేత బస్తాల మధ్య. కాదంటాడనుకున్నాను. కాదంటే నమ్మడానికి సిద్ధంగా వెళ్ళాను.

"ఒరేయ్, భుజంగరావు గారితో నాకు రోజూ పని. నీకు ఈ కేసుతో ఎన్నాళ్ళు? ఆయన చేత మాట పడకుండా మత్తయికి మంచిగా చెప్పొచ్చాను. నేను కాకపోతే వేరేవాళ్ళు వెళ్తారు, వాళ్ళు మంచిగా చెప్పరు. నీ మీద ఈగ వాలకుండా కూడా చూస్తున్నానురా పిచ్చోడా."

"గురువారం సంగతి?"

"ఎవరో అడిగితే అన్నానేమో. అదేమన్నా రహస్యమా? నువ్వు రహస్యం అనలేదే."

నేను రహస్యం అనలేదు. నిజమే.

లోపల అక్క, కూతురు హర్షిణికి జడ వేస్తోంది. దాని స్కూలు, ఆ ఇల్లు, ఆ బస్తాలు. నేను తాళాలు బల్ల మీద పెట్టబోయి మళ్ళీ జేబులో వేసుకున్నాను. ఎందుకో తెలీదు. పద్నాలుగుకి బండి కావాలి కదా అనుకున్నాను.

మే 14, అవనిగడ్డ నుంచి వచ్చి

మత్తయి వచ్చాడు. ప్రణతి గారే తీసుకొచ్చింది. భూషణం రావద్దన్నా, ఇందిర కబురు పెడితే రెండు రోజులు మడ అంచుల్లో పడవ మీద తిరిగిందట. నాకు చెప్పలేదు. చెప్పరు కదా.

ఆర్డీవో ముందు దక్షిణామూర్తి గారు విన్నపం పెట్టారు. సాక్షి కింద కూర్చుంటాడు, భార్య పక్కన ఉంటుంది, ఖాకీ బట్టలవాళ్ళు గేటు అవతల ఉండాలి. ఎస్సై తరఫు ప్లీడరు, "చాపా దిండూ కూడా తెప్పిద్దామా?" అన్నాడు. ఆర్డీవో నవ్వలేదు. సరే కానివ్వండి అన్నాడు.

మత్తయి గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. టైపిస్టు వేళ్ళు విరుచుకుంటున్నాడు. అప్పుడు మత్తయి మొదలుపెట్టాడు. ఉప్పెన నుంచి. తల్లి, నీళ్ళు, తుమ్మచెట్టు, చంకలో తమ్ముడు. ఆర్డీవో ఒకసారి వాచీ చూసుకుని, తర్వాత కలం పక్కన పెట్టేశాడు. అక్కడి నుంచి దయానందం పెరిగి, చెరువు కాపలాకి కుదిరి, స్టేషన్ దాకా వచ్చాడు. నాకు చెప్పిన గొంతు కాదది. మధ్యలో ఏడ్చాడు, ఆగాడు, ఇందిర చేతిలోంచి నీళ్ళు తాగాడు, మళ్ళీ చెప్పాడు. పేర్లతో సహా చెప్పాడు. నాకు పేర్లు చెప్పలేదు.

ప్లీడరు లేచాడు. "ఇదంతా నీకెవరు నేర్పారు?"

మత్తయి నన్ను చూపించాడు. "ఆ బాబు కుర్చీలో కూచుని అడిగారండి. నన్ను నించోబెట్టారండి."

"ఏం చెప్పమన్నాడు?"

"ఉప్పెన సంగతి వదిలెయ్యమన్నారండి."

ఎవరో నవ్వారు. ప్లీడరు కూర్చున్నాడు. మా కేసు నిలబడిందని దక్షిణామూర్తి గారి మొహం చూస్తే తెలిసింది.

తర్వాత ఇందిర చెప్పింది, బండి మీద వచ్చిన మనిషి బెదిరించిన సంగతి. "ఎవరమ్మా?" అంటే, "ఈ బాబుగారి చుట్టమని ఊళ్ళో చెప్పారండి. ఆరోజు ఈయన వచ్చిన బండే" అంది. ఆర్డీవో నా వైపు తిరిగాడు. ప్రమాణం చేయించారు.

"సాక్షి మీకు చెప్పిన విషయాలు మీరు ఎవరికైనా చెప్పారా?"

"లేదండి."

అంత తేలిగ్గా వచ్చింది. నేను అనలేదేమో అన్నంత తేలిగ్గా.

"ఈ మనిషి మీ చుట్టమేనా?"

"ఎవరో నాకు తెలియదండి."

ప్లీడరు మళ్ళీ లేచాడు. "అయ్యా, ఈ బెదిరింపు కట్టుకథ అని వాళ్ళ మనిషే చెప్పాడు. భార్య చెప్పింది అబద్ధమైతే భర్త చెప్పింది ఎంత నిజమో తమరే ఆలోచించాలి." టైపు మిషన్ టకటక కొట్టుకుంటూ పోయింది. మత్తయి నన్ను చూశాడు. కోపంగా కాదు. ఆ చూపు నాకు తెలుసు. ఎల్లమంటారా దొరా అన్నప్పుడు అతని దగ్గరే చూశాను.

మే 15

వచ్చే వాయిదా జూన్ 4. డాక్టరు సాక్ష్యం.

మే 17

ఎవరూ ఏమీ అడగడం లేదు. దక్షిణామూర్తి గారు కేసు కాగితాలు సర్దుకుంటున్నారు. అడిగితే చెప్పేస్తాను.

మే 18

అడగడం లేదు.

మే 19

ప్రణతి గారు గదికి వచ్చింది. తిట్టడానికే అనుకుని తలుపు బార్లా తీశాను. గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుంది.

"అన్నం తింటున్నారా?"

"ఊ."

"నిద్ర?"

నా మీద కోళ్ళ పద్ధతి వాడుతోందని అర్థమైంది. వాడుతోందని తెలిసి కూడా, "తలుపు వైపు తిరిగి పడుకుంటున్నాను" అన్నాను. ఏం కావాలి ఈవిడకి నా దగ్గర? ఇంత అన్నాక కూడా ఎందుకొచ్చింది? కమిటీ పంపిందా? నా నోటి నుంచి రాబట్టి ఆర్డీవోకి ఇస్తుందా? ఇవన్నీ అనుకున్నాను. అనుకుంటూనే బావ పేరు చెప్పాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మరి ఎవరికి చెప్పాలనుకుంటున్నారు?" అని మాత్రం అడిగింది.

"పాలెంలో మీ గురించి అన్నది..." అన్నాను.

"అది భూషణం గారికి చెప్పండి. నాకు చెప్తే నేను మళ్ళీ అక్కడికి ఎలా వెళ్తాను?"

మే 21

పాలెం వెళ్ళాను, బస్సులో. చర్చి ముందు భూషణంతో, ఇంకో పదిమందితో చెప్పాను. భూషణం విని, "అంటే ఆయమ్మని ఊరికే ఎల్లగొట్టించావా?" అన్నాడు. అవునన్నాను. "చదువుకున్నావుగా" అన్నాడు.

మే 23, చల్లపల్లి

అక్కకి వంటింట్లో చెప్పాను. "నాలుగో తారీకున బావ పేరు చెప్తాను."

అక్క పోపు మాడిపోయేదాకా గరిటె తిప్పలేదు. "ఆయన కొట్టలేదు కదరా ఎవర్నీ" అంది.

"కొట్టలేదు."

"మరి?"

చెప్పాను, ఇందిర నాతో అన్నట్టే, పెళ్ళాం పిల్లల్ని ఒకసారి చూసుకో అన్న మాటతో సహా. అక్క పొయ్యి కట్టేసింది.

బావ భోజనానికి వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. బావ పెరుగు గిన్నె నా వైపు జరిపి, "చెప్పుకోరా. చుట్టపుచూపుగా వెళ్ళి పలకరించానంటాను. నిన్ను ఆ ప్లీడరు నమిలేస్తాడు. పోయిన వాయిదాకి తెలియదన్నావుగా, ఈ వాయిదాకి ఎలా తెలిసిందంటాడు" అన్నాడు. నిజమే చెప్పాడు. బావ ఎప్పుడూ నిజమే చెప్తాడు.

"అమ్మకి ఎవరు చెప్తారు?" అంది అక్క.

తాళాలు ఇచ్చేసి వచ్చాను. గేటు దాకా ఎవరూ రాలేదు.

మే 30, గుడివాడ

అమ్మకి నేనే చెప్పాను. మూడు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. కంచం పెడుతోంది, వెళ్ళిపోతోంది. నాన్న పేపరు తిరగేస్తూ, "వాళ్ళు మనకేమవుతారని?" అన్నారు ఒక్కసారే. మత్తయిని అన్నారో, కళ్యాణ్ బావనన్నారో అడగలేదు.

నాకు ఇంకా అనుమానంగానే ఉంది. నా మీద. నాలుగున మళ్ళీ "లేదండి" అనేస్తానేమో.

జూన్ 4, అవనిగడ్డ

డాక్టరు అయ్యాక ఆర్డీవో కాగితాలు మూయబోయాడు. దక్షిణామూర్తి గారు లేవలేదు. చెప్పమని నన్ను ఒక్క మాటా అనలేదు ఇన్నాళ్ళూ. నేనే లేచాను. పోయినసారి చెప్పింది అబద్ధమని చెప్పాను. గురువారం సంగతి చెప్పాను, నీళ్ళ సంగతి చెప్పాను, ఎవరికి చెప్పానో చెప్పాను. ఇందిర చెప్పింది నిజమన్నాను.

టైపిస్టు తలెత్తకుండా, "కళ్యాణ్ గారు మీకేమవుతారు?" అన్నాడు.

"మా అక్క భర్తండి."

ప్లీడరు బావ చెప్పినట్టే అడిగాడు. ప్రమాణం చేసి అబద్ధమాడిన మనిషి మాటకి విలువేంటి అన్నాడు. ఆర్డీవో కూడా అడిగాడు, అప్పుడెందుకు చెప్పలేదని. దీనికి చాలా సిద్ధం చేసుకుని వెళ్ళాను. వ్యవస్థ, వర్గం, కుటుంబం. బస్సులో మొత్తం వల్లె వేసుకున్నాను.

"భయమేసిందండి" అన్నాను.

ఆర్డీవో టైపిస్టు వైపు చూసి, "అది కూడా కొట్టు" అన్నాడు.

రిపోర్టు ఎప్పుడొస్తుందో, వచ్చి ఏమవుతుందో తెలియదు. బయట వరండాలో మత్తయి వాళ్ళు టాంకరు వేళకి ఊరు చేరాలని తొందరపడుతున్నారు. ప్రణతి గారు వాళ్ళ మూట పట్టుకుని ముందు నడుస్తోంది. నేను దగ్గరికి వెళ్ళాను. మత్తయి అరుగు మీద కూర్చుని ఉన్నవాడల్లా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

ఇందిర నాకూ అతనికీ మధ్య వచ్చి నిలబడింది.

"మంచిపని చేశావు బాబూ. ఆ మాట అనకపోతే తప్పు. కానీ మా ఇంటికి మాత్రం రామాక."

"సరేనమ్మా" అన్నాను.

"ఏమన్నా కావాలంటే ఆయమ్మతో కబురెట్టు."

సరే అన్నాను. వాళ్ళ బస్సు కదిలేదాకా, మత్తయికి కనబడకుండా, సోడాబడ్డీ వెనక నిలబడ్డాను.